కడగకముందే చూడాలి: ఇంటి షెడ్డులో విప్పి కట్టిన 697 ఇంజను

మా మేనమామది టాటా 1612 లారీ. అందులో ఉన్నది 697 అనే ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను. మూడేళ్ళ కిందట బయట ఒక వర్క్‌షాపులో బోరు పని, అంటే ఇంజను విప్పి అరిగినవన్నీ మార్చే పని, చేయించాడు. కొత్త లైనర్లు (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గొట్టాలు), పిస్టన్లు, వాటి చుట్టూ ఉండే రింగులు, బేరింగులు అన్నీ పడ్డాయి. ఆ తర్వాత బండి తిరిగింది 64 వేల కిలోమీటర్లే. ఆగస్టు వచ్చేసరికి విశాఖ దగ్గర సబ్బవరం దారిలో చిన్న ఎత్తుకి కూడా గేరు దించాల్సి వస్తోంది. పొద్దున్నే ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా అందుకోవడం లేదు. 250 కిలోమీటర్లకి లీటరు ఆయిల్ పోస్తున్నాడు. ఇంజను లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ పైపు చూస్తే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ఆవిరి.

"మళ్ళీ బోరుకొచ్చేసిందేటిరా అల్లుడూ?" అన్నాడు.

"వచ్చింది మావయ్యా. కానీ ఎందుకొచ్చిందో తెలియకుండా ఈసారి లైనర్లు వెయ్యను" అన్నాను.

నేను డీజిల్ వర్క్‌షాపుల్లో 22 ఏళ్ళు ఫిట్టర్‌గా పనిచేశాను. ఇప్పుడు పెదగంట్యాడలో ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. అందులో ఒక బల్ల, మూడు కాళ్ళ స్టాండు, నా కొలత పరికరాలు. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదువుతున్న మా అబ్బాయి సాయంత్రాలు చెయ్యి వేశాడు. లేత్ పని, పంపు పని తప్ప మిగతాదంతా ఇంట్లోనే 24 రోజుల్లో అయింది.

ఈ కేసు రాయడానికి ఒక్కటే కారణం. ఇంజను దింపగానే మనవాళ్ళు మొదట చేసే పని కడగడం. డీజిల్ పోసి, బ్రష్షు పెట్టి, ప్రెషర్ కొట్టి మెరిసేలా చేస్తారు. శుభ్రంగా ఉంటే పని బాగుంటుందన్నది నిజమే. కానీ ఇంజను ఎందుకు పాడైందో చెప్పే సాక్ష్యమంతా ఆ మురికిలోనే ఉంటుంది. మూడేళ్ళ కిందటి పనిలో అది కడుగులో కొట్టుకుపోయింది. అందుకే మావయ్య ఒకే జబ్బుకి రెండుసార్లు డబ్బు పెట్టాల్సి వచ్చింది.

విప్పక ముందు

ఇంజను వేడెక్కించి, డీజిల్ చిమ్మే నాజిళ్ళు తీసి, ఆ రంధ్రాల్లో గేజి పెట్టి కంప్రెషన్, అంటే పిస్టన్ నొక్కినప్పుడు సిలిండర్‌లో వచ్చే ఒత్తిడి, చూశాం. ఒకటి నుంచి ఆరు దాకా వరసగా చదరపు సెంటీమీటరుకి 17, 16, 17, 18, 16, 17 కిలోలు వచ్చాయి. ఇదే గేజితో బాగున్న 697లో నాకు 24 దగ్గర వస్తుంది. ఇక్కడ తక్కువ రావడం కంటే ఆరూ ఒకేలా తక్కువ రావడం ముఖ్యం. వాల్వు కాలినా, రింగు విరిగినా, హెడ్డు ప్యాకింగ్ పోయినా ఒకటో రెండో సిలిండర్లు పడిపోతాయి. ఆరూ సమానంగా అరిగాయంటే ఆరింటికీ ఉమ్మడిగా ఉన్న దారిలోనే ఏదో జరిగిందన్నమాట. అంటే గాలి దారి, లేకపోతే ఆయిల్ దారి.

చాలామంది ఈ దశలో సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి మళ్ళీ కంప్రెషన్ చూస్తారు. పెరిగితే రింగులు పోయాయని, పెరగకపోతే వాల్వులు పోయాయని తేలుస్తారు. పెట్రోలు ఇంజనుకి ఇది సరిపోతుంది. డీజిల్‌కి నేను దీన్ని నమ్మను. లెక్క చూడండి. 697లో ఆరు సిలిండర్లకి కలిపి 5,675 సీసీ, అంటే ఒక్కోదానికి సుమారు 946. కంప్రెషన్ నిష్పత్తి 17కి 1 అనుకుంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీ 59 సీసీ. అందులో 10 మిల్లీలీటర్ల ఆయిల్ పోస్తే ఖాళీ 49కి తగ్గి, నిష్పత్తి 20 దాటిపోతుంది. రింగులు బాగున్నా బాగోకపోయినా గేజి ముల్లు పైకే లేస్తుంది. దాంతో తేలేది ఏమీ లేదు.

చేయవలసిన పరీక్ష ఇంకొకటి ఉంది. ఐడిల్‌లో ఉన్నప్పుడు ఎయిర్ క్లీనర్ నోటిని ప్లైవుడ్ చెక్కతో మూసేయాలి. అరచేయి మాత్రం పెట్టకూడదు, ఇంజను లాగే బలానికి గాయమవుతుంది. గాలి దారి గట్టిగా ఉంటే రెండు మూడు సెకన్లలో ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. ఆగకుండా నడుస్తోందంటే మధ్యలో ఎక్కడో దొంగదారిన గాలి తీసుకుంటున్నట్టు. ఈ పరీక్ష నేను విప్పక ముందే చేసి ఉండాల్సింది. బ్రీదర్ పొగ చూసి తొందరపడ్డాను. చేసి ఉంటే మొదటి రోజే జవాబు దొరికేది.

దింపడం, చూడడం

ముందు రేడియేటర్, షో (బండి ముందు జాలీ) తీసి, ఆటోనగర్ నుంచి అద్దెకి తెచ్చిన చైన్ పుల్లీతో ఇంజను దింపాం. నాలుగు క్వింటాళ్ళ పైబడిన బరువు. ఇలాంటి ఇంజను ఇంట్లో దింపేవాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. స్టాండు కాళ్ళ కింద మట్టి నేల ఉంటే చెక్క పలకలు వేయండి. మా షెడ్డులో ఒక కాలు వానకి తడిసిన మట్టిలోకి రెండంగుళాలు దిగింది. ఇంజను గాల్లో వేలాడుతోంది, అబ్బాయి పక్కనే ఉన్నాడు. ఆ టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

బల్ల మీదకి వచ్చాక నియమం ఒకటే పెట్టుకున్నాం. ఫొటో తీయకుండా, తెల్లగుడ్డతో తుడిచి చూడకుండా ఏదీ కడగకూడదు. మా నాన్న పాత పంచె చింపి ముక్కలు చేశాం. ప్రతి భాగానికి ఒక ముక్క, దాని మీద పెన్నుతో పేరు.

మొదటి ముక్క సిలిండర్లకి గాలి పంచే గొట్టం, ఇన్‌లెట్ మానిఫోల్డ్ లోపలికి వెళ్ళింది. బయటికి వచ్చినప్పుడు దాని మీద ఎర్రగా, నల్లగా కలిసిన సన్నటి పొడి ఉంది. వేళ్ళ మధ్య నలిపితే గరగరలాడింది. మసి అయితే మెత్తగా పూసుకుపోతుంది. ఇది మసి కాదు, దుమ్ము. మావయ్య తిప్పేవి ఎక్కువగా బొగ్గు, ఖనిజం లోడ్లు. రోజులో సగం యార్డుల్లోనే గడుస్తుంది. ఆ రంగుకి వేరే వివరణ నాకు తోచలేదు.

ఎయిర్ క్లీనర్ దాటిన తర్వాత ఆ గొట్టంలో దుమ్ము ఉండకూడదు, ఒక్క రవ్వ కూడా.

తర్వాత పిస్టన్లు బయటికి వచ్చాయి. పిస్టన్ గోడల మీద నిలువు గీతలు, ఆ గీతల మధ్య మెరుపు లేని బూడిద రంగు. ఆయిల్ అందక పట్టేసిన పిస్టన్ ఇలా ఉండదు. దాని మీద అల్యూమినియం కరిగి పూసుకున్నట్టు మచ్చలు ఉంటాయి. ఇది సన్నటి గరుకు కాగితంతో రోజూ రుద్దినట్టు ఉంది.

లైనర్‌ని బోర్ డయల్‌తో మూడు ఎత్తుల్లో, రెండు దిక్కుల్లో కొలిచాం. పై రింగు వెనక్కి తిరిగే చోట అరుగుదల ఆరింటిలోనూ 0.38 నుంచి 0.45 మిల్లీమీటర్ల మధ్య ఉంది. కింది భాగంలో 0.05 కూడా లేదు. గోరుతో గీస్తే పైన అంచు మెట్టులా తగిలింది. ఏ లైనర్ అయినా పైనే ఎక్కువ అరుగుతుంది, అందులో వింత లేదు. కానీ 64 వేల కిలోమీటర్లకి ఇంత అరగడం మామూలు విషయం కాదు.

ఇక రింగులు. నాకు ఈ కేసులో అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఇచ్చినవి ఇవే. ఒక్కో రింగునీ లైనర్ అడుగున, అరగని చోటికి జరిపి గ్యాపు చూశాం. కొత్తగా వేసినప్పుడు 0.40 దగ్గర ఉండాల్సింది పై రింగులో 2.3కి వచ్చింది. రెండో రింగు 1.6. ఆయిల్ రింగు 0.8 మాత్రమే. పెరిగిన గ్యాపుని 6.28తో భాగిస్తే రింగు ముఖం ఎంత అరిగిందో తెలుస్తుంది. పై రింగులో ఆ లెక్క 0.3 మిల్లీమీటర్లు వచ్చింది.

ఈ వరసని అబ్బాయికి రెండుసార్లు చెప్పాను. అరుగుదల పై నుంచి కిందికి తగ్గుతూ వస్తే దుమ్ము గాలితో పాటు పైనుంచి వచ్చింది. పై రింగు కంటే ఆయిల్ రింగు, బేరింగులు ఎక్కువ అరిగితే మురికి ఆయిల్‌లో, అంటే కిందనుంచి వచ్చింది. ఇక్కడ మెయిన్ షెల్స్, రాడ్ షెల్స్ (క్రాంకు బేరింగు ముక్కలు) మీద సన్నటి గీతలు ఉన్నాయి గానీ పొర లేవలేదు. అంటే దుమ్ము పైనుంచి వచ్చి, రింగుల్ని తిని, మిగిలింది ఆయిల్‌లో కలిసింది. ఇంజను కడిగేసి, రింగుల్ని తుక్కులో పారేసి ఉంటే ఇందులో ఒక్క ముక్క కూడా మాకు తెలిసేది కాదు.

దొరికిన దొంగ

ఎయిర్ క్లీనర్ నుంచి మానిఫోల్డ్‌కి వెళ్ళే రబ్బరు గొట్టం బయటికి బాగానే ఉంది. నల్లగా, నిండుగా, క్లిప్పులు బిగించి ఉన్నాయి. చేత్తో వంచి చూస్తే అడుగు వైపు, క్లిప్పు అంచు పక్కన, నాలుగు వేళ్ళ పొడవు చీలిక నోరు తెరిచింది. వదిలేస్తే మూసుకుపోతోంది. బండి నిలబడి ఉన్నప్పుడు ఎవరికీ కనిపించదు. ఇంజను ఊగినప్పుడల్లా తెరుచుకుంటుంది. గొట్టం లోపల ఆ చీలిక నుంచి మానిఫోల్డ్ వైపు దుమ్ము చార ఒకటి స్పష్టంగా ఉంది. క్లీనర్ వైపు గోడ శుభ్రంగా ఉంది.

గొట్టం రబ్బరు వేడికి రాయిలా గట్టిపడిపోయింది. అది మూడేళ్ళ కిందటి పని కంటే పాతది. అప్పుడు ఇంజనులో ప్రతిదీ కొత్తది వేసి, ఈ గొట్టాన్ని మాత్రం తుడిచి మళ్ళీ బిగించారు. అప్పటి పాత పిస్టన్లు ఎవరి దగ్గరా లేవు గానీ, అప్పుడూ ఇదే కారణమై ఉంటుందని నా నమ్మకం.

గొట్టం చేతికిచ్చి చీలిక తెరిచి చూపించాను. మావయ్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "దీని ఖరీదెంతరా?" అని మాత్రం అడిగాడు. చెప్పాను. మళ్ళీ మాట్లాడలేదు.

లేత్ పని

ఇప్పుడు కడిగాం. బ్లాకు, క్రాంకు, హెడ్డు ఆటోనగర్ వెళ్ళాయి. 697 ఇంకా నడుస్తోందంటే ఒక కారణం ఈ ఆటోనగర్ లాంటి చోట్లే. టాటా వాళ్ళు 1954లో డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీలు మొదలుపెట్టారు, 1969లో ఆ ఒప్పందం ముగిసింది. కానీ 697లో ఉన్న 97 మిల్లీమీటర్ల బోరు, 128 మిల్లీమీటర్ల స్ట్రోకు బెంజ్ ఓఎం 352 కొలతలే. ఆ కుటుంబం ఇంజన్లు మన రోడ్ల మీద అంతగా తిరిగాయి కాబట్టి ఏ లేత్ మేస్త్రికైనా దీని కొలతలు నోటికి వస్తాయి.

మా ఇంజనులో లైనర్లు పొడి రకం, నీళ్ళు తగలనివి. పాతవాటిని బోరింగ్ మిషన్ మీద పల్చగా కోసి తీశారు. సుత్తి, ఉలి పెట్టి కొట్టి తీస్తామంటే ఒప్పుకోకండి. బ్లాకు గోడ మీద గాటు పడితే కొత్త లైనర్ అక్కడ గోడకి ఆనదు, ఆ చోట వేడి బయటికి పోదు. కొత్త లైనర్లు దించాక ఒక్కో పిస్టన్‌నీ కొలిచి, దానికి తగ్గట్టు బోరు చేసి హోనింగ్ (రాయితో లోపల సన్నటి గీతలు పడేలా నునుపు చేయడం) చేశారు. పిస్టన్ల మీద సిలిండర్ నంబర్లు నేనే వేసి పంపాను.

క్రాంకు ఇదివరకే గ్రైండింగ్ అయి 0.50 మిల్లీమీటర్ల అండర్ సైజులో ఉంది. మైక్రోమీటర్‌తో చూస్తే ఎక్కడా 0.02 మించి ఓవాలిటీ, అంటే గుండ్రం తప్పడం, లేదు. మళ్ళీ గ్రైండింగ్ చేయించమని లేత్‌లో సలహా ఇచ్చారు. వద్దన్నాను. పాలిష్ చేయించి అదే సైజు కొత్త షెల్స్ వేశాను. అవసరం లేకుండా తీసేసిన లోహం మళ్ళీ రాదు. హెడ్డులో ఇన్‌లెట్ వాల్వు గైడ్లు దుమ్ముకి వదులయ్యాయి, అవి మారాయి. పంపు, నాజిళ్ళు పంపు షాపుకి వెళ్ళి వచ్చాయి.

హోనింగ్ అయిన బ్లాకు ఇంటికి వచ్చిన రోజు నేనొక తప్పు చేశాను. లేత్‌లో డీజిల్‌తో కడిగారు కదా, పైపైన తుడిచి, పొద్దున్న చూద్దామని గుడ్డ కప్పి పడుకున్నాను. సెప్టెంబరు నెల, సముద్రం దగ్గరే. పొద్దున్న లేచి చూస్తే ఆరు లైనర్ల లోపలా పసుపు పూసినట్టు సన్నటి తుప్పు. ఉప్పు గాలికి ఒక్క రాత్రి చాలు. లోపల వేలు తిప్పితే దానికి బూడిద రంగు గ్రిట్ (గరుకు పొడి) కూడా అంటింది. అంటే లేత్‌లో కడిగింది కూడా సరిపోలేదు.

హోనింగ్ రాయి నుంచి రాలిన గ్రిట్ ఆ సన్నటి గీతల్లో ఇరుక్కుని ఉంటుంది. డీజిల్, కిరోసిన్ జిడ్డుని తీస్తాయి గానీ గ్రిట్‌ని పైకి లేపలేవు. దానికి వేడినీళ్ళు, బట్టల సబ్బు పొడి, గట్టి బ్రష్షు కావాలి. దుమ్ముతో చచ్చిన ఇంజనులో మన చేత్తో మనమే గ్రిట్ వదిలితే ఇంత పరిశోధనా దేనికి? అబ్బాయి, నేను నాలుగు బకెట్ల వేడినీళ్ళతో ఆరు లైనర్లూ, ఆయిల్ దారులన్నీ తోమాం. ఆయిల్ దారుల ప్లగ్గులు విప్పి బ్రష్షు దూర్చాం. ప్రతి లైనర్‌నీ పంచె ముక్కతో తుడవడం, నలుపు అంటితే మళ్ళీ తోమడం. మూడో సిలిండర్ అయిదు సార్లు అయింది. గుడ్డ తెల్లగా వచ్చిన నిమిషంలోనే గాలి కొట్టి ఆరబెట్టి, ఇంజను ఆయిల్ పట్టించి, ప్లాస్టిక్ సంచిలో మూశాం.

కట్టడం

మెయిన్ బేరింగుల్లో ప్లాస్టిగేజ్ (నలిగి సందు ఎంతుందో చూపే ప్లాస్టిక్ దారం) పెట్టి బిగించి విప్పితే ఏడింటిలోనూ 0.06, 0.07 మధ్య వచ్చింది. కొత్త రింగులు ఒక్కోదాన్నీ దాని సొంత సిలిండర్‌లోనే పెట్టి గ్యాపు చూశాం. రెండు తక్కువగా ఉంటే సన్న ఆకురాయితో సరిచేశాం. డబ్బాలో వచ్చింది కదా అని నేరుగా ఎక్కించేవాళ్ళు చాలామంది ఉన్నారు. గ్యాపు చాలని రింగు వేడికి రెండు చివరలూ తాకి లైనర్‌ని చీరేస్తుంది. పిస్టన్లు ఎక్కాక తలలు బ్లాకు మట్టానికి ఎలా ఉన్నాయో డయల్‌తో చూస్తే ఆరింటి మధ్య తేడా 0.06 లోపే.

టైమింగ్ గేర్లు గుర్తులు కలిపి, హెడ్డు మధ్య నుంచి చివరలకి మూడు విడతల్లో బిగించాం. ట్యాపెట్ సందు ఇన్‌లెట్ వాల్వుకి 0.20, ఎగ్జాస్ట్‌కి 0.30, చల్లగా ఉన్నప్పుడు. దీని ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) 1-5-3-6-2-4 కాబట్టి 1కి 6, 5కి 2, 3కి 4 జోడీ. ఆరోదాని వాల్వులు రెండూ ఊగుతున్నప్పుడు ఒకటోది పెట్టుకోవాలి. అబ్బాయి ఇది అరగంటలో పట్టేశాడు, ఆఖరి మూడు సిలిండర్లూ వాడే పెట్టాడు. పంపు టైమింగ్ ఒకటో ఎలిమెంట్ డెలివరీ వాల్వు తీసి, ఇంజను తిరిగే దిక్కులోనే తిప్పుతూ, ధార ఆగి చుక్క నిలిచే చోట చూసి బిగించాం.

గాలి గొట్టం కొత్తది వేశాం. రెండు వైపులా వెడల్పు క్లిప్పులు. మానిఫోల్డ్ ప్యాకింగులు కొత్తవి.

స్టార్ట్ చేసే ముందు స్టాప్ లీవర్ లాగిపెట్టి, పది సెకన్లు సెల్ఫ్ కొట్టడం, ఆపడం. ఆయిల్ గేజి లేచేదాకా డీజిల్ వదల్లేదు. వదిలాక రెండో ప్రయత్నంలో అందుకుంది. మావయ్య క్యాబిన్‌లో ఉన్నాడు, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

కొత్త ఇంజనుని ఖాళీగా ఐడిల్‌లో గంటల తరబడి వదిలేయడం మనవైపు అలవాటు. ఇది చాలా నష్టం. పై రింగు లైనర్‌కి కుదురుకోవాలంటే మండిన వాయువు దాని వెనక చేరి బయటికి నెట్టాలి. అది లోడు మీదే జరుగుతుంది. ఐడిల్‌లో ఆ ఒత్తిడి ఉండదు, లైనర్ మీద గాజు పూతలా గట్టి పొర పేరుకుంటుంది, తర్వాత ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగినా ఆయిల్ తాగుతూనే ఉంటుంది. అందుకే మేము 1,200 ఆర్‌పీఎం దగ్గర ఇరవై నిమిషాలు నడిపి, లీకులు చూసి, మర్నాడే సగం లోడుతో అనకాపల్లి దాకా వెళ్ళి వచ్చాం. ఎక్కువసేపు ఒకే వేగంలో ఉండకుండా, ఎత్తుల్లో కాస్త నొక్కుతూ. 500 కిలోమీటర్లకి ఆయిల్, ఫిల్టర్ మార్చి, హెడ్డు మళ్ళీ బిగించి, ట్యాపెట్లు చూశాం. దసరా ఆయుధపూజ అయ్యాక పూర్తి లోడు ఎక్కింది.

ఇప్పటికి 6,000 కిలోమీటర్లు. కంప్రెషన్ 24, 25, 24, 24, 25, 24. మొత్తంలో పోసిన ఆయిల్ లీటరున్నర, అందులో ఎక్కువ మొదటి రెండు వేలలోనే. మొన్న గొట్టం విప్పి మానిఫోల్డ్ లోపల పంచె ముక్కతో తుడిచాం, తెల్లగా వచ్చింది. చెక్క పరీక్ష కూడా చేశాం, మూడు సెకన్లకి ఇంజను ఆగింది. ఆ చెక్కకి మావయ్య తాడు కట్టి సీటు వెనక తగిలించుకున్నాడు. నెలకోసారి తనే చూసుకుంటానన్నాడు.

టైమింగ్ కవర్ కింది మూలలో చిన్న చెమ్మ కనిపిస్తోంది. సంక్రాంతికి బండి నాలుగు రోజులు ఆగుతుంది, అప్పుడు విప్పుతాను.